పందుల్లో ఏలికపాములు మళ్లీ మళ్లీ వస్తుంటే: నా అనుభవం

ఘట్‌కేసర్ దగ్గర మా ఫారంలో పంది పిల్లలు బాగానే తినేవి, బరువు మాత్రం పెరిగేవి కావు. గరుకు వెంట్రుకలు, ఉబ్బిన పొట్టలు, దగ్గు. మేత మార్చాం, మందు మార్చాం, లివర్ టానిక్ పోశాం. రెండు నెలలు తిరిగేసరికి మళ్లీ అదే.

పేడ పరీక్షలో ఏలికపాముల గుడ్లు కనిపించాయి. వీటికి జిగురు పొర ఉంటుంది. నేలకీ, తల్లి పొదుగుకీ అతుక్కుని ఏళ్ల తరబడి బతుకుతాయి. మామూలు ఫినాయిల్‌కి చావవు, వేడికి చస్తాయి.

ఈసారి ఈనడానికి రెండు వారాల ముందే డాక్టరు రాసిన ఏలికపాముల మందు ఫెన్‌బెండజోల్ తల్లికి మేతలో కలిపి పెట్టాం. ఈనే గదిని ఖాళీ చేసి, పేడంతా గీకి, సబ్బునీళ్లతో రుద్ది, మూలల్లో, పగుళ్లలో సలసల మరిగే నీళ్లు పోసి బాగా ఎండనిచ్చాం. చివరగా, లోపలికి పంపేముందు తల్లి పొట్ట, గిట్టలు, పొదుగు సబ్బుతో కడిగాం. ఈ పని అస్సలు వదలకండి. రొమ్ముల మధ్య ముడతల్లోంచి ఎండిన పేడ పెళ్లలుగా ఊడొచ్చింది. పుట్టిన పిల్ల మొదట మూతి పెట్టేది అక్కడే కదా!

ఆ ఈత పిల్లలకి దగ్గు లేదు, ఒళ్లు నున్నగా ఉంది. అయితే మాది సిమెంటు నేల. మట్టి నేల మీద ఇంత ఫలితం రాకపోవచ్చు. పేగుల్లో ఉండే మరో రకం, కొరడా పురుగులుంటే మందు కూడా మారొచ్చు, కాబట్టి ముందు పేడ పరీక్ష చేయించండి.