ఆయిల్ లైట్ ఆరకపోతే లోపం సెన్సర్‌లోనా, ఇంజిన్‌లోనా?

మీటర్ బోర్డుపై ఆయిల్ గుర్తుతో ఎర్ర లైట్ వెలిగితే "సెన్సర్ పోయి ఉంటుందిలే" అనుకొని బండి నడుపుతూ పోవడం చాలా ప్రమాదకరం. ఆయిల్ ఒత్తిడి నిజంగానే పడిపోయి ఉంటే బేరింగులు కొద్ది నిమిషాల్లోనే పట్టేస్తాయి కనుక, గేజితో కొలిచి చూసేవరకు తప్పు సెన్సర్‌పై వేయకూడదు. ముందు ఇంజిన్ ఆపి, చదునైన చోట కొన్ని నిమిషాలు ఆగి డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూపే కడ్డీ) చూడాలి. మట్టం కింది గీతకన్నా తగ్గి ఉంటే ఆ ఇంజిన్‌కు చెప్పిన గ్రేడ్ ఆయిల్ పోసి, లైట్ ఆరినా సరే, ఆ ఆయిల్ ఎక్కడికి పోయిందో వెతకాలి.

మట్టం సరిగా ఉంటే వైరింగ్ చూడాలి. పాత కార్లలో చాలావాటికి సెన్సర్‌గా ఉండేది ఒకే వైరున్న ప్రెషర్ స్విచ్. ఒత్తిడి లేనంతసేపూ అది వైరును ఇంజిన్ బాడీకి కలిపి లైట్ వెలిగిస్తుంది; ఒత్తిడి సుమారు 0.3 నుంచి 0.5 బార్‌కు చేరగానే ఆ కలయిక తెగి లైట్ ఆరుతుంది. తాళం ఆన్ చేసి, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా కప్లర్ (వైరును స్విచ్‌కు కలిపే ప్లగ్గు) ఊడదీసినా లైట్ వెలుగుతూనే ఉంటే, వైరు ఎక్కడో ఒరుసుకుపోయి బాడీకి తగులుతోందని అర్థం. ఆరితే వైరు బాగున్నట్టే గానీ, స్విచ్ చెడినట్టు రుజువు కాలేదు. చాలామంది ఇక్కడే తొందరపడి స్విచ్ మార్చేస్తారు.

తాళం ఆన్ చేసినా లైట్ అసలు వెలగకపోవడం ఇంకా ప్రమాదం, ఎందుకంటే ఒత్తిడి పడిపోయినా హెచ్చరిక రాదు. కప్లర్ ఊడదీసి ఆ వైరును ఇంజిన్ బాడీకి తాకించినప్పుడు లైట్ వెలిగితే స్విచ్, వెలగకపోతే బల్బు లేదా వైరు చెడినట్టు.

మూడు వైర్ల సెన్సర్లకు ఈ పద్ధతి పనికిరాదు. వాటికి 5 వోల్టులు అందుతున్నాయా, సిగ్నల్ సాధారణంగా ఉండే 0.5 నుంచి 4.5 వోల్టుల మధ్య ఉందా అని మల్టీమీటర్‌తో చూడాలి. కారు కంప్యూటర్ నమోదు చేసిన లోపాల కోడ్లు చదివే స్కానర్‌లో పీ0520, పీ0522, పీ0523 కోడ్లు సెన్సర్ సర్క్యూట్‌ను అనుమానించమంటాయి. పీ0524 మాత్రం ఒత్తిడే తక్కువగా ఉందంటుంది. కప్లర్ లోపల ఆయిల్ కనబడితే సెన్సర్ లోపలినుంచి కారుతున్నట్టే కనుక మార్చాలి.

చివరి తీర్పు మెకానికల్ గేజిదే. స్విచ్ విప్పి ఆ రంధ్రంలో గేజి బిగించి, ఇంజిన్ బాగా వేడెక్కాక ఐడ్లింగ్‌లోనూ, 2000 ఆర్‌పీఎమ్ దగ్గరా వచ్చిన అంకెలను సర్వీస్ మాన్యువల్‌తో పోల్చాలి. అవి సరిపోయి, వైరు కూడా బాగుండి, లైట్ మాత్రం వెలుగుతుంటే స్విచ్ మార్చవచ్చు. బిగించేటప్పుడు మరలకు టెఫ్లాన్ టేపు మందంగా చుట్టకూడదు, ఒకే వైరు స్విచ్‌కు ఎర్త్ (ఇంజిన్ బాడీతో విద్యుత్ కలయిక) ఆ మరల ద్వారానే అందుతుంది. అంకెలు తక్కువగా ఉంటే సెన్సర్ జోలికి పోకుండా ఫిల్టర్, ఆయిల్ పంపు, స్ట్రైనర్ (పంపు ఆయిల్ పీల్చుకునే జల్లెడ), బేరింగులు చూడాలి. ఎత్తైన స్పీడ్ బ్రేకర్‌కు అడుగుభాగం తగిలిన తర్వాత ఈ సమస్య మొదలైతే ముందుగా ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే ఆయిల్ ఛాంబర్‌నే పరిశీలించాలి. అది సొట్టపడి స్ట్రైనర్‌కు ఆనుకుంటే, ఆయిల్ నిండుగా ఉన్నా పంపుకు అందదు.