అతుకుల షవర్ కర్టెన్: అంచు దిగితే, కుట్లు ముడతలు పడితే, కాజాలు చిరిగితే

ముక్కలు కత్తిరించడం, మెషిన్ మీద తిన్నగా కుట్టడం, అంచు మడవడం మీకు వచ్చనే అనుకుని రాస్తున్నాను. కర్టెన్ కుట్టారు, తగిలించారు, ఎక్కడో తేడా కొడుతోంది. మీ తేడా ఏదో కింద వెతుక్కోండి. కుట్లు విప్పే రిప్పర్ మాత్రం అప్పుడే చేతిలోకి తీసుకోకండి.

కింది అంచు ఒక పక్కకు దిగింది

ముందు రాడ్ చూడండి. అంచంతా విప్పి, మళ్లీ కొలిచి, మళ్లీ కుట్టి, అప్పుడు కూడా వంకరగానే ఉందని తల పట్టుకునేవాళ్లను చూసి చూసి విసుగొచ్చింది. తీరా చూస్తే వంకర రాడ్‌ది.

తేల్చుకోవడం చాలా తేలిక. కర్టెన్ తీసి, లోపలి వైపు బయటికి వచ్చేలా తిప్పి తగిలించండి. ఇప్పుడు కుడి చివర ఎడమకు వస్తుంది. దిగిన మూల కర్టెన్‌తో పాటే అవతలి పక్కకు వెళ్తే తప్పు కర్టెన్‌ది. దిగుడు పాత చోటే ఉంటే తప్పు రాడ్‌ది, లేదంటే నేలది. నీళ్లు పోవడానికి బాత్రూమ్ నేలను వాలుగా వేస్తారు కాబట్టి తిన్నగా ఉన్న అంచు కూడా వంకరగా కనబడుతుంది. అందుకే కొలత ఎప్పుడూ నేల నుంచి కాదు, రాడ్ నుంచి. రాడ్ మీద స్పిరిట్ లెవెల్ పెట్టి సరిచేశాకే మిగతా మాటలు.

రాడ్ బాగానే ఉంది, అంచు మధ్యలో ఎక్కడో దిగుతోంది

అసలు కథ ఇదే. అన్నిటికంటే నన్ను ఎక్కువ ఏడిపించిందీ ఇదే, ఎందుకంటే తప్పు ఒకచోట ఉంటుంది, కనబడేది ఇంకోచోట.

టేబుల్ మీద పరిస్తే కర్టెన్‌లో ఒక్క ముడత ఉండదు. తగిలించిన రోజు కూడా బాగానే ఉంటుంది. నాలుగైదు స్నానాలయ్యాక కింది అంచు ఒకటి రెండు చోట్ల పొట్టలాగా కిందికి వస్తుంది. దానికి పైన, ఏదో ఒక నిలువు కుట్టు పక్కన సన్నటి అలలు లేస్తాయి. అలలు చూడగానే అందరి చెయ్యీ దారం టెన్షన్ మీదికే పోతుంది. కుట్టు విప్పుతారు, టెన్షన్ తగ్గిస్తారు, మళ్లీ కుట్టి ఇస్త్రీ చేస్తారు. రెండు రోజులు బాగుంటుంది, తర్వాత మళ్లీ అదే. దిగిన చోట అంచు కత్తిరించేసినవాళ్ల పని ఇంకా అన్యాయం. ఉతికి పరిచి ఆరబెట్టాక ఆ ముక్క కొంత వెనక్కి లాక్కుంటుంది, ఇప్పుడు అక్కడ అంచు పొట్టి.

టెన్షన్ పాపం ఏమీ చేయలేదు. ఆ వరసలో ఒకటో రెండో ముక్కలు క్రాస్‌లో, అంటే పోగుకు వాలుగా, కత్తిరించినవి ఉన్నాయి. నేసిన బట్ట పడుగు (పొడవు పోగులు) వెంట దాదాపు సాగదు, పేక (అడ్డ పోగులు) వెంట కొంచెం సాగుతుంది. మూల నుంచి మూలకు లాగితే మాత్రం పోగులు పక్కకు వాలిపోతాయి, బట్ట పొడవు పెరిగి వెడల్పు తగ్గుతుంది. ఇప్పుడు ఆ ముక్కను, పక్కన ఉన్న తిన్నటి ముక్కను కలిపి కుట్టారు. ఒకటి కిందికి సాగుతానంటుంది, రెండోది కదలనంటుంది. మధ్యలో నలిగేది కుట్టు. మీరు చూసే అలలు అవే.

దుప్పటి మీద చెయ్యి తిరిగినవాళ్లే ఇక్కడ ఎక్కువగా బోల్తా పడతారు. అతుకుల దుప్పటిలో లోపల దూది పొర ఉంటుంది, అడుగున ఇంకో బట్ట ఉంటుంది, మూడింటినీ కలిపి పట్టిన కుట్లు ఉంటాయి. పైగా అది మంచం మీద పరుచుకుని ఉంటుంది, బరువు మోయదు. షవర్ కర్టెన్ ఒంటి పొర. పొద్దస్తమానం వేలాడుతుంది, రోజూ తడుస్తుంది. కింది వరసల తడి బరువంతా పై వరసలే మోయాలి. క్రాస్ ముక్క అడుగు వరసలో ఉంటే పెద్దగా తెలియదు, అదే ముక్క పైనుంచి రెండో వరసలో ఉంటే అంచు వరకూ లాగేస్తుంది. కాబట్టి పొట్ట దిగిన చోట అంచు దగ్గర వెతక్కండి, ఆ నిలువు వరస పట్టుకుని పైకి వెళ్లండి.

ఈ ముక్కలు ఎలా దూరతాయి? పాత బట్టల నుంచి కోసినప్పుడు. చొక్కా వీపు భాగాన్ని చాలావరకు నమ్మొచ్చు. ఘేరా గౌను పక్క భాగాలను నమ్మకండి, కింద విచ్చుకోవడం కోసం వాటిని తరచూ వాలుగానే కోస్తారు. చేతుల భాగం మిగులు ముక్కలూ అంతే. ఇంకో దారి డిజైన్. పువ్వు ముక్క మధ్యలో నిటారుగా రావాలని బట్టను కాస్త తిప్పి కోస్తాం, గళ్లు వజ్రంలా కనబడాలని మూలగా కోస్తాం. చతురస్రం కొలత సరిగ్గానే ఉంటుంది, పోగు మాత్రం వాలిపోయి ఉంటుంది. అచ్చు వేసిన గళ్లు, చారలు చూసి పోగు దిక్కు చెప్పొద్దు, అచ్చు పక్కకు జరిగి పడి ఉండొచ్చు. నేతలో వచ్చిన గళ్లయితే అదే పోగు. రెండు త్రికోణాలు కలిపి చతురస్రం చేసినవాళ్లకు మధ్య కుట్టు అంతా క్రాసే, దానికి తప్పించుకునే దారి లేదు.

పరీక్ష చేతులతోనే. అనుమానం ఉన్న ముక్కను కుట్టు నుంచి కుట్టుకు, నిలువుగా రెండు బొటనవేళ్ల మధ్య పట్టుకుని చిన్నగా కుదిపి లాగండి. తిన్నటి పోగయితే టప్‌మని ఆగిపోతుంది, వేళ్లకు ఆ దెబ్బ తెలుస్తుంది. క్రాసయితే చప్పుడుండదు, మెత్తగా సాగుతూ పోతుంది, నడుము సన్నబడి వదలగానే నెమ్మదిగా వెనక్కి వస్తుంది. ఇంకా నమ్మకం కుదరకపోతే వెనకవైపు మార్జిన్ (కుట్టు అవతల మిగిలే బట్ట) నుంచి సూదిమొనతో ఒక్క పోగు లాగండి. అది కుట్టుకు సమాంతరంగా వస్తే మంచిదే. వాలుగా పోయి కుట్టు కిందికి దూరితే దొంగ దొరికినట్టే. ఒకటి దొరికిందని ఆగకండి. ఒకే గౌను నుంచి కోసినవన్నీ చూడండి.

ఒకటి రెండు ముక్కలే అయితే మార్చేయండి. నాలుగు వైపులా కుట్లు విప్పి, పాత ముక్కను కొలతగా వాడొద్దు, అది ఇప్పటికే సాగి ఉంది. ఖాళీ చుట్టూ ఉన్న మంచి ముక్కల నుంచి కొలత తీసుకుని, పడుగు నిలువుగా వచ్చేలా కొత్తది కోయండి. ఎదురెదురు వైపులు రెండూ ముందు కుట్టి, తర్వాత మిగతా రెండూ కుట్టండి. ప్రతి కుట్టునూ ఒక మూల నుంచి పావు అంగుళం వదిలి మొదలుపెట్టి, రెండో మూలకు పావు అంగుళం ముందే ఆపితే మూలలు ముడుచుకోవు. గంజి పెడితే సరిపోదా అంటారు. కుట్టేటప్పుడు సాగకుండా ఉండటానికి గంజి మంచి సాయమే, కానీ నీళ్లు తగలగానే పోతుంది. షవర్ కర్టెన్‌కు అది వైద్యం కాదు.

ముక్కలు చాలా ఉంటే మార్చే ఓపిక ఎవరికీ ఉండదు. అప్పుడు బరువు మోసే పని ఆ ముక్కల నుంచి తీసేయాలి. అర అంగుళం వెడల్పు ట్విల్ టేప్ (సాగని నేత పట్టీ) తీసుకుని, ముందు తడిపి ఆరబెట్టి, వెనకవైపు ప్రతి నిలువు కుట్టు మీదా పైమడత నుంచి కింది మడత దాకా కుట్టండి. కర్టెన్ టేబుల్ మీద సడలి పడి ఉన్నప్పుడే టేప్ పరచాలి, అన్ని టేపులూ ఒకే పొడవు ఉండాలి. అక్కడక్కడ బట్ట కొంచెం మిగిలినట్టు అనిపిస్తుంది, మిగలనివ్వండి. వేలాడదీస్తే బరువు టేప్ మీదే పడుతుంది, అలలు చాలావరకు పోతాయి. త్రికోణాల డిజైన్ వేసినవాళ్లు టేపుల బదులు పడుగు నిలువుగా ఉన్న పూర్తి లైనింగ్ వేసుకోవడమే మంచిది.

ఏ దారిలో వెళ్లినా కింది అంచు మాత్రం చివర్లోనే. అంచు కుట్టకుండా కర్టెన్ తగిలించి, నీళ్లు చిలకరించి, రెండు రోజులు వదిలేయండి. ఆరాక రాడ్ నుంచి కొలత టేప్ వేలాడదీసి ప్రతి అడుగుకూ చాక్‌తో గుర్తు పెట్టి, అప్పుడు మడవండి. ఈ రెండు రోజులు ఆగడానికి ఎవరికీ చేతులు రావు. సగం ఫిర్యాదులు అక్కడే పుడతాయి.

వరసలు ఒకదానికొకటి సరిపోవడం లేదు

మార్జిన్. 6 అంగుళాల ముక్కలు 12 కలిపితే 72 అంగుళాల వరస, మధ్యలో 11 కుట్లు. ప్రతి మార్జిన్‌లో అంగుళంలో పదహారో వంతు తేడా వచ్చినా, ఒక్కో కుట్టుకు రెండు మార్జిన్లు కాబట్టి వరస మొత్తానికి ఒకటిం పావు అంగుళం దాటిపోతుంది. పొడవు వరసను పొట్టి వరసకు లాగి కుట్టారంటే అల గ్యారంటీ.

ఒకటిన్నర అంగుళం వెడల్పు పట్టీలు మూడు పక్కపక్కన కుట్టి ఇస్త్రీ చేయండి. మధ్య పట్టీ సరిగ్గా ఒక అంగుళం ఉంటే మీరు వదిలే పావు అంగుళం మార్జిన్ నిజంగా పావు అంగుళమే. లేకపోతే మెషిన్ ప్లేట్ మీద సరైన చోట మాస్కింగ్ టేప్ అతికించి దాని వెంట కుట్టండి. ఇప్పటికే కుట్టేసిన వరసలైతే అన్నిటినీ కొలిచి, ఒక్క కుట్టునే సరిచేయకుండా తేడాను మూడు నాలుగు కుట్లకు పంచండి.

కూడళ్ల దగ్గర ఉండలు కట్టి సూది తడబడుతుంటే, ఒక వరసలో మార్జిన్లను కుడికి, తర్వాతి వరసలో ఎడమకు ఇస్త్రీ చేయండి. రెండూ ఒకదానికొకటి ఆనుకుని కూర్చుంటాయి.

మొదటి ఉతుకు తర్వాత కర్టెన్ అంతా కుచ్చులు

కొన్ని ముక్కలు కుంచించుకుపోయాయి, కొన్ని పోలేదు. కొత్త కాటన్ మొదటి ఉతుకులో 3 నుంచి 5 శాతం దాకా తగ్గడం మామూలే, పాలిస్టర్ దాదాపు తగ్గదు. 72 అంగుళాల మీద 3 శాతం అంటే రెండు అంగుళాల పైమాటే. కోయకముందే అన్ని బట్టలనూ వేడినీళ్లలో ఉతకాలి. ఇది అందరికీ తెలుసు, అందరూ ఈసారికి ఏం కాదులే అనుకుంటారు. ఇప్పుడైతే చేయగలిగింది తక్కువ: మొత్తాన్ని ఇంకోసారి వేడిగా ఉతికి, కుంచించుకోవాల్సినవన్నీ కుంచించుకున్నాక, మరీ లాగుతున్న ముక్కలు మార్చుకోండి.

రంగు అంటుకున్నా ఇదే కథ. ముదురు ఎరుపు, నీలం బట్టలను తెల్లగుడ్డతో పాటు ముందే నానబెట్టి ఉంటే తెలిసిపోయేది. అంటిన మరక ఆరకముందే, ఇస్త్రీ పెట్టకముందే మళ్లీ ఉతకండి.

వెనకవైపు పోగులు ఊడి కుట్టు విడిపోతోంది

లైనింగ్ లేని కర్టెన్‌లో పావు అంగుళం మార్జిన్‌ను అలాగే వదిలేస్తే పోగులు కుట్టు దాకా వచ్చేస్తాయి. ఓవర్‌లాక్ గానీ జిగ్‌జాగ్ గానీ వేయండి. మళ్లీ కుట్టేటప్పుడు మార్జిన్ అర అంగుళం వదిలి ఫ్రెంచ్ కుట్టు (కోసిన అంచులు లోపలే మూసుకుపోయేలా రెండుసార్లు వేసే కుట్టు) వేయండి, వెనకవైపు కూడా చూడబుద్ధేస్తుంది. దారం పాలిస్టర్‌దే. రోజూ తడిసే చోట బూజు పట్టిన కాటన్ దారం త్వరగా పాడవుతుంది.

కాజాలు చిరుగుతున్నాయి, పై అంచు జారుతోంది

పైమడతలో బక్రం (లోపల పెట్టే గట్టి బట్ట) వేయలేదు. ఒంటి కాటన్‌లో కాజా గానీ ఐలెట్ గానీ తడి బరువుకు నిలవదు. రెండు అంగుళాల మడతలో బక్రం పట్టీ పెట్టి, దాని మీద కాజాలు తీయండి. చిరిగినదానికి వెనక చిన్న గట్టి బట్ట వేసి జిగ్‌జాగ్‌తో నింపి, అక్కడే కొత్త కాజా తీయొచ్చు.

72 అంగుళాల వెడల్పుకు మామూలుగా 12 రింగులు. చివరి కాజాలు అంచుకు ఒకటిన్నర అంగుళం లోపల పెడితే, మధ్య దూరం 6 అంగుళాల పావు కంటే పిసరు ఎక్కువ వస్తుంది. లోపల ప్లాస్టిక్ లైనర్ వాడేవాళ్లు ఈ లెక్కలేవీ చేయొద్దు, లైనర్‌ను కర్టెన్ మీద పరిచి దాని రంధ్రాల్లోంచే గుర్తు పెట్టుకోండి. అన్నట్టు, కాటన్ కర్టెన్ ఒక్కటే నీళ్లు ఆపదు. లైనర్ ఉండాలి. నల్లచుక్కలు వస్తున్నాయంటే స్నానం అయ్యాక కర్టెన్‌ను మూలకు ముడుస్తున్నారన్నమాట. విప్పి ఆరనివ్వండి.

కర్టెన్ లోపలికి వచ్చి కాళ్లకు చుట్టుకుంటోంది

ఇది మీ కుట్టు తప్పు కాదు. షవర్ ధార లోపలి గాలిని సుడిలా తిప్పుతుందని, ఆ సుడి మధ్యలో ఒత్తిడి తగ్గి కర్టెన్ లోపలికి వస్తుందని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలోని డేవిడ్ ష్మిట్ కంప్యూటర్ మీద లెక్క కట్టి చూపించారు. దానికి 2001లో ఇగ్ నోబెల్ (నవ్వించి ఆలోచింపజేసే పరిశోధనలకిచ్చే సరదా బహుమతి) కూడా ఇచ్చారు. మీరు చేయాల్సింది కింది మడతలో కర్టెన్ బరువులు వేయడం. తుప్పు పట్టనివి చూసుకోండి. బరువులు వేశాక అంచు ఎక్కడైనా దిగితే పైన చెప్పిన బొటనవేళ్ల పరీక్షకు వెళ్లండి.

మిగతావి

కుట్లు తప్పిపోతుంటే సూది మార్చండి. మామూలు కాటన్‌కు 80 నంబరు సూది, మందపు కూడళ్లకు 90. లామినేట్ చేసిన బట్ట ఫుట్‌కు (బట్టను నొక్కి పట్టే మెషిన్ పాదానికి) అంటుకుంటే టెఫ్లాన్ ఫుట్, కుట్టు పొడవు 3 మిల్లీమీటర్లు, గుండుసూదుల బదులు క్లిప్పులు, ఎందుకంటే ఆ బట్టలో పడ్డ రంధ్రం పూడదు. మెషిన్ టైమింగ్ తప్పడం, బాబిన్ కేస్ అరగడం ఉంటాయి గానీ అరుదు. సూది, దారం, బాబిన్ మూడూ మార్చి చూడకుండా మెషిన్‌ను రిపేరుకు మోసుకెళ్లకండి.