స్క్వాష్ పాఠాలు – 6: క్రాస్‌కోర్ట్ వాలీ నిక్

బంతి నేలను తాకకముందే అందుకుని, ముందుగోడకు కొట్టి, కోర్టుకు అడ్డంగా అవతలి పక్కగోడ అడుక్కి పంపడమే క్రాస్‌కోర్ట్ వాలీ నిక్. గత పాఠంలోని స్ట్రెయిట్ డ్రైవ్ (పక్కగోడ వెంట నేరుగా, వెనక మూలకు చేరేలా కొట్టే షాట్) చేతికి పట్టుబడ్డాకే ఇది మొదలుపెట్టండి. ప్రత్యర్థిని వెనక మూలలో ఇరికించేది ఆ డ్రైవే. అక్కడి నుంచి అతను అవస్థపడి తీసిన బంతి కోర్టు మధ్యగా, తల ఎత్తున తేలి వస్తుంది. ఈ షాట్‌కు కావలసిన బంతి అదే. అతను మీకంటే ముందు నిలబడి ఉంటే మాత్రం దీని జోలికి పోవద్దు, మళ్లీ డ్రైవే కొట్టండి.

పక్కగోడ, నేల కలిసే అంచే నిక్. బంతి సరిగ్గా అక్కడ పడితే పైకి లేవదు, దొర్లిపోతుంది. ఈజిప్టు ఆటగాడు రామీ అషూర్ ఆట చూసినవారికి ఈ షాట్ అందం వేరే చెప్పనక్కర్లేదు.

కుడిచేతి వాటం వారి ఫోర్‌హ్యాండ్ లెక్క చూద్దాం. మీరు టీ దగ్గర, అంటే కోర్టు మధ్యలో గీతలు T ఆకారంలో కలిసే చోట, కాస్త కుడివైపు ఉన్నారు. గురి ఎడమ పక్కగోడ అడుగున, ముందుగోడకు రెండు మీటర్ల ఇవతల. ముందుగోడను అద్దం అనుకోండి. మీ గురి ఆ అద్దంలో గోడకు రెండు మీటర్ల అవతల కనిపిస్తుంది. ఆ ప్రతిబింబం వైపే కొట్టాలి. అప్పుడు బంతి ఎడమ మూలకు సుమారు మీటరు దూరంలో ముందుగోడను తాకుతుంది. ముందుగోడ అడుగున బంతి తగలకూడని పట్టీయే టిన్, దాని ఎత్తు 48 సెంటీమీటర్లు. దానికి జానెడు పైన తగిలితే చాలు.

రాకెట్ ముందే పైకెత్తి ఉంచండి. బంతి నేలను తాకకముందే, మీ శరీరానికి ముందు ఉండగానే అందుకోవాలి. రాకెట్ ముఖం కొద్దిగా తెరిచి, పై నుంచి కిందికి కోస్తూ కొట్టండి. ఆ కోతతో బంతి వెనక్కి తిరుగుతూ వెళ్లి, గోడను తాకగానే కిందికి దిగుతుంది. నన్నడిగితే ఈ షాట్ ప్రాణమంతా ఆ కోతలోనే ఉంది. బలం పెంచిన కొద్దీ గురి చెదురుతుంది.

బంతి నిక్‌కు ముందే నేల మీద పడినా నష్టం తక్కువ, గోడకు తగిలి తక్కువ ఎత్తే లేస్తుంది. పక్కగోడ మీద ఎత్తుగా తగిలిందంటే మాత్రం కోర్టు మధ్యకు వస్తుంది. అది ప్రత్యర్థికి వడ్డించిన విస్తరే.

నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్‌లలో చదువుతున్న మీలో చాలామందికి కోర్టు దగ్గరలో ఉండదని తెలుసు. దిగులుపడకండి. రెండు గోడలు కలిసే మూల, గచ్చు నేల దొరికితే ఈ ఒక్క షాట్ సాధనకు సరిపోతుంది. ముందుగోడ మీద సుద్దముక్కతో 48 సెంటీమీటర్ల ఎత్తున గీత గీయండి. పక్కగోడ అడుగున గురి ఉన్నచోట ఒక పాత చెప్పు పెట్టండి. మిత్రుడొకరు చేత్తో బంతిని ఎత్తుగా వేస్తుంటే మీరు కొట్టాలి. ఇద్దరూ ఆటల కోసం చేసిన కంటి రక్షణ అద్దాలు పెట్టుకోండి, మామూలు కళ్లద్దాలు చాలవు. బంతి వ్యాసం 40 మిల్లీమీటర్లే కాబట్టి నేరుగా కంటి గుంటలోకి దూరగలదు.

మన ఎండల్లో ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. బంతి వేడెక్కిన కొద్దీ ఎక్కువ లేస్తుంది. వేసవిలో పొద్దున్నే సాధన చేయండి. చలికాలం ఉదయాల్లో రెండు పసుపు చుక్కల బంతి అసలు లేవకపోతే, అంతకంటే ఎక్కువ లేచే ఒక చుక్క బంతి వాడండి.

చెప్పుకు తరచుగా తగలడం మొదలయ్యాక దాన్ని తీసేసి, అదే చోటికి గురిపెట్టండి. వచ్చే పాఠంలో ఇదే షాట్‌ను బ్యాక్‌హ్యాండ్‌తో కొడదాం.