గన్నవరంలో ఏ రన్‌వే వాడతారు? మెటార్ చదివి అంచనా వేయడం

విజయవాడకు చెందిన గన్నవరం విమానాశ్రయంలో ఒకే రన్‌వే తూర్పు ముఖంగా వెళ్లే విమానానికి 08, పడమర ముఖంగా వెళ్లే విమానానికి 26 అవుతుంది. దిక్సూచి చూపే డిగ్రీలలో చివరి అంకె తీసేసిన రూపమే ఇది. 08 అంటే సుమారు 80 డిగ్రీలు, 26 అంటే 260. వీలైనంత వరకు విమానం ఎదురుగాలిలో దిగుతుంది, ఎదురుగాలిలోనే లేస్తుంది కనుక, ఏ కొస వాడతారో తెలియాలంటే మెటార్ అనే వాతావరణ నివేదికలో ముందుగా గాలి వివరం చూడాలి.

చలికాలపు ఉదయం నివేదిక ఇలా ఉందనుకుందాం: “వీఓబీజెడ్ 120100జెడ్ 06004కేటీ 1500 బీఆర్ ఎన్ఎస్‌సీ 19/18 క్యూ1015”. మొదటిది గన్నవరం సంకేతం. తరువాతిది 12వ తేదీ, గ్రీనిచ్ కాలమానంలో ఒంటిగంట. దానికి ఐదున్నర గంటలు కలిపితే మనకు ఉదయం ఆరున్నర. గాలి 60 డిగ్రీల దిక్కు నుంచి 4 నాట్ల వేగంతో, అంటే గంటకు దాదాపు 7 కిలోమీటర్లతో వీస్తోంది. మెటార్‌లో రాసేది గాలి వచ్చే దిక్కే తప్ప పోయే దిక్కు కాదు. కాబట్టి ఇక్కడ 08 వాడే అవకాశం ఎక్కువ. అయితే గాలి ఇంత మందంగా ఉన్నప్పుడు కంట్రోలర్లు సౌలభ్యాన్ని బట్టి రెండో కొసను కూడా ఇవ్వవచ్చు. నైరుతి రుతుపవనాల కాలంలో పడమటి గాలి బలంగా ఉంటే 26 వంతు వస్తుంది.

1500 అనేది మీటర్లలో దృశ్యత, బీఆర్ పలుచని మంచు, ఎన్ఎస్‌సీ అంటే చెప్పుకోదగ్గ మేఘాలు లేవని. దృశ్యత 1000 మీటర్లకన్నా తగ్గితే బీఆర్ స్థానంలో పొగమంచును సూచించే ఎఫ్‌జీ వస్తుంది. చాలామంది దాటేసే 19/18 జంటే నా దృష్టిలో ఈ వరుసలో అన్నిటికన్నా విలువైనది: మొదటిది ఉష్ణోగ్రత, రెండోది తుషార బిందువు, అంటే గాలిలోని తేమ నీటి బిందువులుగా మారడం మొదలయ్యే ఉష్ణోగ్రత. ఆ రెండింటి మధ్య తేడా ఒక డిగ్రీకి కుదించుకుపోయి, గాలి మందగించి, ఆకాశం నిర్మలంగా ఉంటే మంచు ఇంకా చిక్కబడవచ్చు. ఎండెక్కి తేడా పెరుగుతుంటే విడిపోతుంది. అందుకే అరగంటకోసారి వచ్చే నివేదికలను రెండు మూడింటిని పక్కపక్కన పెట్టి చదవాలి. క్యూ1015 పైలట్ ఎత్తుమాపకానికి అవసరమైన వాయుపీడనం. ప్రయాణికుడికి దానితో పనిలేదు.

గాలి రన్‌వేకు వాలుగా వీస్తే పక్కగాలిని లెక్కకట్టాలి. రన్‌వేతో 30 డిగ్రీల కోణమైతే గాలి వేగంలో సగం, 60 డిగ్రీలైతే దాదాపు తొమ్మిది పదోవంతులు పక్కగాలి అవుతుంది. ఆ ప్రకారం 110 డిగ్రీల నుంచి 20 నాట్ల గాలి వీస్తే, 08 మీద దిగే విమానానికి పక్కగాలి 10 నాట్లు. వేగం పక్కన జీ అనే అక్షరం, దాని తరువాత మరో అంకె ఉంటే అవి ఈదురు విసురులు. అప్పుడు లెక్క ఆ పెద్ద అంకెతోనే వేయాలి.