మినికాయ్ లైట్‌హౌస్ ఎక్కడం, ముఖ్యంగా దిగడం ఎలా?

లక్షద్వీప్‌లో అన్నిటికన్నా దక్షిణాన ఉన్న ద్వీపం మినికాయ్. 1885లో బ్రిటిష్‌వాళ్లు కట్టిన లైట్‌హౌస్ అక్కడ ఇప్పటికీ పనిచేస్తోంది. అంత దూరం వెళ్లి, కింద నిలబడి ఫొటో దిగి వచ్చేసేవాళ్లను చూసి చూసి విసుగొచ్చి ఇది రాస్తున్నాను.

ముందు పర్మిట్, తర్వాతే టికెట్. మన దేశంవాళ్లకైనా పర్మిట్ తప్పదు. ఓడ కొచ్చి నుంచి, దూరం దాదాపు 400 కిలోమీటర్లు. వానాకాలంలో వద్దు. ద్వీపంలో దిగాక సైకిల్ అద్దెకు తీసుకోండి. ఆటోలో వెళ్తే ఎండబెట్టిన చూర (ట్యూనా) చేపల వాసన దాటిపోతుంది, ఊరు చూసినట్టే ఉండదు. దారి అడగక్కర్లేదు, దక్షిణం వైపు కొబ్బరిచెట్ల పైన తెల్లగా కనిపిస్తుంది. లోపలికి ఎప్పుడు వదులుతారో మాత్రం ఆ పొద్దున్నే కనుక్కోండి. ఎండ తగ్గాకే ఎక్కాలి, మధ్యాహ్నం ఎక్కడం తెలివితక్కువ పని.

వైజాగ్ డాల్ఫిన్స్ నోస్ లైట్‌హౌస్‌కు కొండ ఎత్తు కలిసొచ్చింది. మినికాయ్ పగడాల దిబ్బ, బల్లపరుపుగా ఉంటుంది. అందుకే దాదాపు 150 అడుగుల టవర్ కట్టాల్సి వచ్చింది. 1869లో సూయజ్ కాలువ తెరిచాక యెమెన్‌లోని ఏడెన్ రేవు నుంచి కొలంబో వెళ్లే ఓడలు ఇటుగానే పోయేవి. చీకట్లో ఈ దిబ్బ ఎవరికి కనిపిస్తుంది!

మెట్లు రెండు వందల పైచిలుకు, గుండ్రంగా తిరుగుతూ పోతాయి. యాభైకోసారి ఆగితే ఎవరైనా ఎక్కేస్తారు.

అసలు చిక్కు చివర్లో, దీపం గదికి వెళ్లే నిటారు ఇనుప నిచ్చెన దగ్గర. ఎక్కేటప్పుడు ఎవరికీ ఏమీ కాదు. దిగేటప్పుడే పడతారు, ఎందుకంటే మేడ మెట్లు దిగినట్టు ముందుకు తిరిగి దిగుతారు. నేనూ ఒకసారి అలాగే దిగాను. భుజానున్న బ్యాగు వెనక మెట్టుకు తగులుకుంది, మడమ జారింది, వీపంతా గీసుకుపోయింది. నెల రోజులు వెల్లకిలా పడుకోలేదు.

కాబట్టి నిచ్చెనకు ముఖం పెట్టే దిగాలి. ఒక కాలు కిందిమెట్టు మీద గట్టిగా ఆనాకే రెండో కాలు తీయాలి. రెండు చేతులూ ఖాళీగా ఉండాలి. సెల్ జేబులో, జేబుకు జిప్పు. చీర కట్టుకుంటే కొంగు నడుముకు చుట్టి దోపండి. చున్నీ తీసి కిందే పెట్టేయండి. హవాయి చెప్పులైతే విప్పేయండి, వట్టి కాళ్లే నయం. పైవాళ్లు పూర్తిగా దిగాకే మీరు ఎక్కాలి. "తొందరగా రా" అని కింద నుంచి అరిచేవాణ్ని అసలు వెంట తీసుకెళ్లకండి. పిల్లలుంటే పెద్దవాళ్లు ముందు దిగి, పిల్లల పాదం పట్టుకుని ఒక్కో మెట్టు మీద పెట్టించాలి. భయమేస్తే నిచ్చెన ఎక్కడం మానేయండి, అందులో సిగ్గేమీ లేదు.

పైన అద్దాన్ని ముట్టుకోకండి. వేలిముద్ర జిడ్డు వెలుగును చెదరగొడుతుంది. ఇలాంటి గదుల్లో పగలు తెర వేసి ఉంటే ఫొటో కోసం జరపకూడదు. దీపం వెలుగును దూరానికి పంపే అద్దమే సూర్యుడి వేడిని దీపం మీదికి పోగుచేసి కాల్చేస్తుంది.

బయట వరండాలో గాలి టోపీని లాక్కుపోతుంది. పడమటివైపు లేతపచ్చ నీళ్లు, విరింగిలి అనే బుల్లి తిప్ప. ఇటు తిరిగితే ముదురు నీలం సముద్రం. సెల్ఫీ స్టిక్ తెస్తే నాకు కోపమొస్తుంది.

కిందికొచ్చే గుండ్రటి మెట్లలో వెడల్పున్న గోడవైపే నడవండి, లోపలి అంచు మీద సగం పాదం కూడా పట్టదు. కింద కాసేపు కూర్చున్నాకే సైకిల్ ఎక్కండి. తొడలు వణుకుతున్నప్పుడు బ్రేకు సరిగ్గా పడదు.