తోపు బాగుండాలంటే ముందు ఏది నరకాలో తెలియాలి

భీమిలి వైపో ఆనందపురం దగ్గరో ఎకరం, అరెకరం చెట్ల జాగా మీ చేతికొస్తే వెంటనే నర్సరీకి పరుగెత్తకండి. ఒక వానాకాలం ఊరికే చూడండి. పిట్టలు వేసిన గింజల నుంచి వేప, నేరేడు వాటంతటవే లేస్తాయి. ఉంచదలచిన మొక్కకు ఎర్రగుడ్డ పీలిక కట్టేయండి, లేకపోతే కలుపు తీసేవాళ్ళు దాన్నీ పీకేస్తారు. ఇలా దొరికిన మొక్క, కొనితెచ్చిన దానికన్నా ఎండను బాగా తట్టుకుంటుంది.

అసలు పని లాంటానాతో, అదే రంగురంగుల గుత్తిపూల ముళ్ళకంప. పైపైన కొడితే ఇంకా గుబురుగా వస్తుంది. నేల తడిగా ఉన్నప్పుడు మొదలు చుట్టూ తవ్వి, తల్లివేరును బెత్తెడు లోతున తెగ్గొట్టి, కంపను తలకిందులుగా ఎండలో పడేయాలి, అదీ కాయ పండకముందే. అలాగని వాలు నేలలో మొత్తం ఒకేసారి తీసేస్తే మొదటి పెద్దవానకే ఎర్రమట్టి కొట్టుకుపోతుంది కాబట్టి, ఒక మూల నుంచి మొదలుపెట్టి, తీసినచోట కానుగో నేరేడో పెట్టుకుంటూ ముందుకెళ్ళండి. మరుసటేడు పిలకలు మళ్ళీ వస్తాయి, మళ్ళీ పీకాలి, తప్పదు.

చెట్లు పలచన చేసేటప్పుడు తలెత్తి చూడండి. కొమ్మలు ఒకదానికొకటి రాసుకుంటుంటే వంకర చెట్టూ తెగులు చెట్టూ తీసేసి తిన్ననిది ఉంచండి, ఏడాదికి ఐదో వంతు మించొద్దు. జీడిమామిడి మొదట్లో రంపపుపొట్టు లాంటి పొడి, జిగురు కనిపిస్తే కాండం తొలిచే పురుగు పడినట్టే, బెరడు చెక్కి వెతికి తీసేయాలి. ఎండిపోయిన మాను ఒకటి రెండు దారికి దూరంగా వదిలేయండి, రామచిలుకా పాలపిట్టా గూడు పెట్టేది తొర్రల్లోనే. అన్నట్టు, సొంత నేలైనా సరే, వాల్టా చట్టం 2002 (నీరు, భూమి, చెట్ల చట్టం) ఉంది కదా, గొడ్డలి పట్టేముందు అటవీ రేంజి ఆఫీసులో ఏ చెట్టుకు అనుమతి కావాలో అడగండి.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను చెట్లను ఏం చేసిందో వైజాగ్‌లో ఎవరికీ చెప్పక్కర్లేదు. అందుకే ఒకే వయసు సరుగుడుతో జాగా అంతా నింపకండి, విడతలుగా వేసి విడతలుగా కొట్టండి. సముద్రం వైపు వరస ఒత్తుగానే ఉండనివ్వండి. ఒక పక్కకే బరువుగా సాగిన కొమ్మల్ని తుఫాన్ల సీజన్‌కి ముందే తగ్గించండి.

రాలిన ఆకు తగలబెట్టొద్దు, అదే ఎరువు. కాకపోతే రోడ్డు పక్కన, గట్టు వెంబడి రెండు మూడు మీటర్ల మేర మాఘమాసంలోనే ఊడ్చేయండి, ఎవరో పారేసిన బీడీ ముక్క చాలు వేసవిలో తోపంతా అంటుకోవడానికి.

కంచె వేసి ఊరివాళ్ళను పూర్తిగా ఆపేయడం నాకు నచ్చదు, పనిచేయదు కూడా. ఎండుపుల్లలు, నేరేడుపళ్ళు, తాటిముంజలు తీసుకోవచ్చనీ, పచ్చికొమ్మ మాత్రం ముట్టుకోవద్దనీ నోటితో స్పష్టంగా చెప్పండి. పుల్లలకు వచ్చే ఆడవాళ్ళ ఫోన్ నంబర్లు తీసుకుని మీదీ ఇవ్వండి, పొగ లేస్తే మీకన్నా ముందు చూసేది వాళ్ళే.