పాత కారు ఏసీ చల్లబడటం లేదా? గ్యాస్ ఎక్కించే ముందు ఇవి చూడండి

ఎండాకాలంలో ఏసీ చల్లదనం తగ్గగానే అందరూ చెప్పే మాట, "గ్యాస్ అయిపోయింది". ఏసీ గ్యాస్ పెట్రోల్‌లా ఖర్చయ్యేది కాదు. తగ్గిందంటే ఎక్కడో లీకవుతోందన్నమాటే. అసలు చాలాసార్లు తప్పు గ్యాస్‌ది కానే కాదు.

గాలే తక్కువగా వస్తోంది: క్యాబిన్ ఫిల్టర్ మూసుకుపోయి ఉంటుంది. మార్చేయండి.

కారు నడుస్తుంటే చల్లగా, సిగ్నల్ దగ్గర ఆగితే వేడిగా: కండెన్సర్ (రేడియేటర్ ముందుండే, గ్యాస్ వేడిని బయటికి వదిలే జాలీ) ఫ్యాన్ తిరగడం లేదు, లేదా కండెన్సర్ రెక్కల్లో దుమ్ము పేరుకుంది. ఫ్యూజు, రిలే చూడండి. రెక్కలను మామూలు పైపు నీళ్లతోనే కడగండి. ప్రెషర్ వాషర్ కొడితే వంగిపోతాయి.

కంప్రెసర్ (గ్యాస్‌ను ఒత్తి తిప్పే పంపు) క్లచ్ టక్‌మని పట్టుకుని, వెంటనే వదిలేస్తోంది: ఇది గ్యాస్ తక్కువైన లక్షణం. ముందు లీకు వెతకాలి. గ్యాస్‌తో పాటు కంప్రెసర్ ఆయిల్ కూడా తిరుగుతుంది కాబట్టి, కారే చోట జిడ్డు దుమ్ము నల్లగా అంటుకుని ఉంటుంది. పైపుల జాయింట్లు, కండెన్సర్ కింది అంచు టార్చి వేసి చూడండి. ఇంజిన్ ఆపి సబ్బు నురగ రాయండి, బుడగలొస్తే అక్కడే. పాత కార్లలో ఎండి గట్టిపడ్డ ఓ-రింగులే (జాయింట్లలో ఉండే రబ్బరు రింగులు) ఎక్కువగా దొరుకుతాయి. మిగిలిన గ్యాస్‌ను గాల్లోకి వదలకండి. బరువుకు బరువు చూస్తే ఆర్-134ఏ అనే ఏసీ గ్యాస్ కార్బన్ డయాక్సైడ్ కంటే వెయ్యి రెట్లకు పైగా వేడిని పట్టి ఉంచుతుంది. గ్యాస్‌ను బయటికి పోకుండా లాగేసే రికవరీ మెషిన్ ఉన్న షెడ్డులో తీయించి, కొత్త ఓ-రింగుకు కంప్రెసర్ ఆయిల్ రాసి బిగించండి.

ఇక గ్యాస్ ఎక్కించడం. బానెట్ కింద స్టిక్కర్ మీద గ్యాస్ రకం, ఎన్ని గ్రాములో ఉంటుంది. 1990ల నాటి బండైతే ఆర్-12 అనే పాత రకం గ్యాస్ కావచ్చు. అందులో నేరుగా ఆర్-134ఏ కలపకూడదు. కనీసం అరగంట వాక్యూమ్ పెట్టి (పంపుతో పైపుల్లోని గాలి, తేమ లాగేసి), వాల్వు మూసి గేజ్ ముల్లు చూడండి. ముల్లు కదిలితే లీకు ఇంకా ఉన్నట్టే. నిలబడితే ఇంజిన్, ఏసీ, బ్లోయర్ ఆన్ చేసి, లావు పైపు మీదున్న లో సైడ్ (తక్కువ ఒత్తిడి వైపు) నుంచే, డబ్బా నిలువుగా పట్టుకుని కొద్దికొద్దిగా వదలండి. తలకిందులు చేస్తే ద్రవం వెళ్లి కంప్రెసర్ పాడవుతుంది. హై సైడ్‌కు (ఎక్కువ ఒత్తిడి వైపు) తగిలిస్తే డబ్బా పేలిపోవచ్చు. డబ్బాను తూకం మీద పెట్టి స్టిక్కర్ లెక్క రాగానే ఆపేయండి. ఎక్కువ నింపితే చల్లదనం ఇంకా తగ్గుతుంది. గ్లోవ్స్, కళ్లద్దాలు తప్పనిసరి: ఆర్-134ఏ ద్రవం మైనస్ 26 డిగ్రీలకే మరుగుతుంది, చర్మం మీద పడితే గడ్డకట్టిస్తుంది.

చవకని ఎవరైనా వంటగ్యాస్ ఎక్కిస్తామంటే ఒప్పుకోకండి. కూలింగ్ కాయిల్ ఉండేది డ్యాష్‌బోర్డు లోపల. అది కారితే గ్యాస్ మీరు కూర్చున్న చోటే నిండుతుంది.